అది దేవుడి వేలు కాదు

లూషియస్ ప్రూయిట్ పదకొండేళ్ల పాటు జూదపు యంత్రాల పొట్టలు విప్పి బాగుచేశాడు. ఆ పదకొండేళ్లలో ఒక్కసారి కూడా వాటి ముందు నిలబడి నాణెం వెయ్యలేదు. వెయ్యకూడదు. 1950ల నాటి లాస్ వేగాస్‌లో ఫ్రీమాంట్ వీధి క్యాసినోకి నల్లవాళ్లు ముందు తలుపులోంచి రాకూడదు. వెనక సందులో చెత్తడబ్బాల పక్కనుంచి మెట్లు దిగి నేలమాళిగలోకి పోవాలి. పైన యంత్రం మొరాయిస్తే ఇద్దరు తెల్లవాళ్లు మోసుకొచ్చి అతని బల్లమీద పెట్టేవాళ్లు. అతను విప్పి, కిరసనాయిలుతో కడిగి, స్ప్రింగు మార్చి, మీట వందసార్లు లాగి చూసి ఇచ్చేవాడు. దాన్ని మళ్లీ పైకి మోసుకుపోయేవాళ్లు. యంత్రానికి ఆ మెట్లెక్కే హక్కు ఉండేది, దాన్ని బతికించినవాడికి ఉండేది కాదు.

జీతం చీటీ మీద అతని పని 'ఊడ్చేవాడు' అని ఉండేది. చీపురు పట్టింది మొదటి ఏడాదే. మిగతా పదేళ్లూ స్క్రూడ్రైవరే. చేసిన ప్రతి మరమ్మతు కింద సంతకం మాత్రం ఫోర్‌మన్ క్రెయిన్‌ది. పరీక్షించి చూడ్డానికి ఇచ్చే నాణేలకు ఎర్రటి గోళ్లరంగు పూసి ఇచ్చేవాళ్లు. సాయంత్రం పోయేముందు లూషియస్ జేబులు బయటికి లాగి చూపించాలి. ఎర్రనాణెం దొరికితే దొంగ. దొరక్కపోతే రేపు దొంగతనం చెయ్యబోయేవాడు. "ఆ ప్యాంటుకి జేబులే కుట్టించుకోకు లూషియస్, పని తగ్గుతుంది," అని క్రెయిన్ నవ్వేవాడు. లూషియస్ కూడా నవ్వేవాడు. నవ్వకపోతే పొగరంటారు.

ఇదంతా అతను నోరెత్తకుండా పడ్డాడు. అతని మీద జాలి కలిగితే కలగనివ్వండి, అది న్యాయమే. కానీ అన్యాయం పడ్డవాడు అన్యాయం చెయ్యడని ఎవరూ రాసివ్వలేదు. ఈ కథ ఆ రెండోదాని గురించి.

అరవైతొమ్మిదో ఏట, అంటే 1997లో, లూషియస్ ఊరి పడమటివైపు, నల్లవాళ్ల పేట వెస్ట్‌సైడ్‌లో, తన ఇంటి గరాజులో అదే పని చేసుకుంటున్నాడు. కాలం మారింది. క్యాసినోల్లో ఇప్పుడన్నీ మీటలు లేని కరెంటు యంత్రాలు. వెనకటి ఇనప యంత్రాలను డబ్బున్నవాళ్లు ఇళ్లకు కొనుక్కుపోతున్నారు. గదినిండా వరసగా పేర్చి, కింద తివాచీ వేసి, వచ్చిన చుట్టాలకు గుప్పెడు నాణేలిచ్చి ఆడుకోమంటారు. నలభై ఏళ్లనాటి గడియారపు పని, ఆ స్ప్రింగులు తెలిసిన చేతులు ఊళ్లో నాలుగే మిగిలాయి. అందులో రెండు లూషియస్‌వి.

అతనికి ఎక్కువ పని తెచ్చేది హోస్టెట్లర్ అనే పళ్ల డాక్టరు. పక్క ఊరు హెండర్సన్‌లో కొండవాలు మీద ఇల్లు. ఇంట్లో ముప్పై ఒక్క యంత్రాలు. మనిషి చెడ్డవాడు కాదు. అయినా తనకంటే పదిహేనేళ్లు పెద్దవాణ్ని 'లూషియస్' అంటాడు. లూషియస్ అతన్ని 'డాక్టరుగారూ' అంటాడు. ఇద్దరూ దాన్ని ఎప్పుడూ పట్టించుకోలేదు. అది కూడా చెప్పుకోవలసిందే.

మార్చి నెలలో ఒక మంగళవారం డాక్టరు తన వ్యానులోంచి ముప్పైరెండోదాన్ని దింపించాడు. ముందువైపు అల్యూమినియం పోతలో పురివిప్పిన నెమలి. రంగు సగం ఊడిపోయింది. నెమలి తోకలోంచి రెండు కళ్లు పోయాయి.

"ప్రాణం ఉందంటావా దీనికి?"

"ఉంది డాక్టరుగారూ. కీళ్లు పట్టేశాయి. మనకు మల్లేనే."

"నేను నోళ్లు తెరిపిస్తాను, నువ్వు వీపులు తెరిపిస్తావు. మనిద్దరిదీ ఒకటే వృత్తి."

"మీ దగ్గరికొచ్చినవాళ్లు అరుస్తారు. నా దగ్గరికొచ్చినవి అరవ్వు. అదే తేడా."

డాక్టరు పడీపడీ నవ్వాడు. లూషియస్ నవ్వలేదు. నెమలిని చూసినప్పట్నుంచీ అతని కళ్లు దానిమీదే ఉన్నాయి. డాక్టరు వెళ్లిపోయాక కూడా చాలాసేపు స్టూలు మీద కూర్చుని దాన్ని చూస్తూ ఉండిపోయాడు. ఇలాంటి నెమళ్లు ఒకే పోతలో ఎన్నో వచ్చి ఉంటాయి, ఇదే అని ఏముంది అనుకున్నాడు. అనుకుని యంత్రం వెనక తలుపు తీశాడు.

అలాంటి యంత్రంలో మూడు చక్రాలు. ఒక్కోదాని చుట్టూ ఇరవై బొమ్మలు. చెర్రీలు, రేగుపళ్లు, గంటలు, 'బార్' అని రాసిన నల్లపట్టీ ఒకటి, దాన్నే బారు అంటారు. మూడు బార్లు వరసగా ఆగితే పెద్ద గెలుపు. చక్రం పక్కనే బొమ్మకొకటి చొప్పున గాడులున్న పళ్లెం ఒకటి తిరుగుతుంది. తిరిగే పళ్లెం మీదికి ఒక ఇనప కమ్మి వాలి, ఏదో ఒక గాడిలో పడుతుంది. చక్రం ఆగుతుంది. ఆ కమ్మిని మెకానిక్కులు వేలు అంటారు. వేలు ఎక్కడ పడితే అక్కడే అదృష్టం.

లూషియస్ చక్రాలను బయటికి తీసి, మూడోదాన్ని వెలుతురులోకి తిప్పాడు. బారు బొమ్మకు ఎదురుగా ఉన్న గాడిలో గోరంత అర్ధచంద్రం ఒకటి ఇరికించి ఉంది. దాన్ని ఆ పనివాళ్లు పురుగు అనేవాళ్లు. పురుగు ఉన్న గాడిలో వేలు పడదు. జారి పక్క గాడిలోకి పోతుంది. బారు కళ్లముందే, గెలుపు గీతకు ఒక్క బొమ్మ పైన ఆగుతుంది. ఆడేవాడు 'అయ్యో, తప్పిపోయింది' అనుకుని మళ్లీ నాణెం వేస్తాడు. తప్పిపోవడం కాదది. చచ్చేదాకా ఆడినా మూడో బారు రాదు.

అందరూ పురుగును ఇనపరేకుతో కోసేవాళ్లు. ఇది ఇత్తడిది. ఇనుమైతే వేలు దానిమీదుగా జారేటప్పుడు కొంచెం కరకరమంటుంది, చెవి ఉన్నవాడు పసిగడతాడు. ఇత్తడి మెత్తగా జారనిస్తుంది. పాత దీపం కుదురు కోసి, సన్నటి ఆకురాయితో అంచులు గుండ్రంగా అరగదీసి, పట్టకారు పట్టుకి రెండు గీతలు పెట్టి చేసిన పురుగు అది. ఇత్తడితో చెయ్యమని లూషియస్‌కి ఎవరూ చెప్పలేదు. ఆ తెలివి అతని సొంతం. ఆరోజు దాన్ని చూసుకుని మురిసిపోయాడు కూడా.

*

1956. క్రెయిన్ నెమలి యంత్రాన్ని బల్లమీద పెట్టించి, నేలమాళిగ తలుపు మూశాడు.

"మూడోదానికి పురుగు పెట్టాలి. శుభ్రంగా ఉండాలి. నీ చేతులైతేనే శుభ్రంగా ఉంటుంది."

"అది చట్టానికి విరుద్ధం కదండీ?"

"చట్టం పైనుంటుంది, నువ్వు కిందున్నావు. ఇది ఇక్కడ పెట్టేది కాదులే. ఎడారిలో పెట్రోలు బంకు దగ్గర పెడతారు. లారీలవాళ్లు వస్తారు, ఆడతారు, పోతారు. నీకేం చుట్టాలా?" గుమ్మం దాకా పోయి మళ్లీ తిరిగాడు. "పని నచ్చితే నీ చీటీ మీద మెకానిక్ అని రాయిస్తాను."

ఆ ఒక్క మాట కోసం చేశాడు లూషియస్. డబ్బు కోసమైతే కాదంటే నమ్మండి. చీటీ మీద ఒక మాట. ఆ మాట ఎప్పటికీ రాయలేదు.

రెండు వారాల తరువాత శుక్రవారం సాయంత్రం వెస్ట్‌సైడ్‌లోని జాక్సన్ వీధిలో రూబీ రూమ్ అనే క్లబ్బుకి వెళ్లాడు. నల్లవాళ్లు ముందు తలుపులోంచి వెళ్లగలిగిన చోట్లు ఆ వీధిలోనే ఉండేవి. వేయించిన చేపల వాసన, శాక్సోఫోను, వారమంతా పరుపులు దులిపి గిన్నెలు తోమి వచ్చిన జనం. ఒక మూల గోడవార పురివిప్పిన నెమలి. తెల్లవాళ్ల క్లబ్బుల్లో అరిగిపోయినవి, బయటపడకూడనివి అన్నీ ఎక్కడికి చేరతాయో లూషియస్ ఆలోచించి ఉండవలసింది. ఆలోచించలేదు. నీకేం చుట్టాలా అన్నాడు క్రెయిన్. చుట్టాల దగ్గరికే వచ్చింది.

దానిముందు వెర్లీన్ బాటీస్ట్ నిలబడి ఉంది. చెప్పులు విప్పి పక్కన పెట్టి, హోటలు పనిమనిషి గౌనులోనే. చర్చిలో పాటల గుంపులో ముందువరసలో నిలబడే మనిషి. ఆమె గొంతెత్తితే పైకప్పు కిర్రుమంటుందని ముసలాళ్లు వేళాకోళం చేసేవాళ్లు. లూషియస్ కంటే నాలుగేళ్లు పెద్దది. కొత్తగా వచ్చినప్పుడు అతనికి అద్దెకు గది చూపించింది ఆమే.

"సిస్టర్ వెర్లీన్, పక్కది ఆడరాదూ? దాని చెయ్యి మంచిదంటున్నారు."

"పక్కదానికి నేనెవరో తెలీదయ్యా లూషియస్. ఈ నెమలి నన్ను గుర్తుపట్టింది. చూడు, రెండు బార్లు ఎప్పుడడిగితే అప్పుడిస్తుంది. మూడోదానికే సిగ్గు."

"అది సిగ్గు కాదేమోనండీ..."

"మరేంటి?"

అతను క్రెయిన్‌ని తలుచుకున్నాడు. అరెస్టు చేస్తే ఎవరిని చేస్తారో తెలుసు. సంతకం క్రెయిన్‌దైనా చేతులు తనవి.

"ఏం లేదులెండి," అన్నాడు.

వెర్లీన్‌కి ఆ గెలుపు ఎందుకు కావాలో వీధి మొత్తానికి తెలుసు. లూయిజియానాలో, టల్లూలా అనే ఊళ్లో, కారే కప్పు కింద ఆమె తల్లి ఒక్కతే ఉంది. తీసుకొచ్చి దగ్గర పెట్టుకోవాలి. రైలుకి కావాలి, రెండుగదుల ఇంటికి కావాలి. అదేదో కూడబెట్టుకోవచ్చుగా అనే తెలివైనవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. పరుపులు దులిపే కూలితో కూడబెట్టి చూడమనండి. కూడబెడితే ఆరేళ్లు పడుతుంది. తల్లికి ఆరేళ్లు లేవు. మూడో బారు పడితే ఒక్క సాయంత్రం. లెక్క ఆమెకే బాగా తెలుసు. మోసం ఆమె లెక్కలో లేదు, యంత్రంలో ఉంది.

ఏడాది తిరగకుండానే తల్లి పోయింది. పాతిపెట్టినప్పుడు వెర్లీన్ అక్కడ లేదు. ఆ తరువాత రెండు నెలలకి ఆమె ఆట సంగతి చర్చి పెద్దల చెవిన పడింది.

వాళ్ల సంఘంలో తప్పు చేసినవాళ్లను 'కూర్చోబెడతారు'. పాడేవాళ్లంతా లేచినప్పుడు నువ్వు లేవకూడదు. అంతే శిక్ష. పాడే మనిషికి అంతకంటే పెద్దది ఉండదు. కూర్చోబెట్టే ముందు ఆ మనిషి అందరి ఎదుటా నిలబడి తన తప్పు చెప్పుకోవాలి. వెర్లీన్ చేతిసంచీ రెండు చేతులా పట్టుకుని నిలబడింది.

"మా అమ్మ కోసమని ఆడాను. దేవుడు రెండు ఇచ్చేవాడు. మూడోదానికి వేలు అడ్డం పెట్టేవాడు. వారంవారం పెట్టాడు. వద్దు, వద్దు అని చెప్తున్నాడని నాకు తెలీలేదు. అమ్మను తీసుకుపోయాక తెలిసింది. ఆ వేలు నా మీదే ఉంది."

డీకన్లు, అంటే చర్చి పెద్దలు, కూర్చునే బల్లమీద ఆ నెలలోనే కొత్తగా చేరినవాడు లూషియస్ ప్రూయిట్. ఆమె నోట వేలు అన్న మాట వినగానే అతని చెవుల్లో ఇత్తడి మీదుగా ఇనుము జారింది. ఏడాది పాటు కూర్చోబెట్టడానికి ఒప్పుకునేవాళ్లు చేతులెత్తమన్నారు. అందరూ ఎత్తారు. అతనూ ఎత్తాడు.

ఏడాది అయ్యాక మళ్లీ పాటల గుంపులోకి రమ్మని కబురు పెట్టారు. వెర్లీన్ రాలేదు. "నాకు రాసిపెట్టి లేదులెండి," అంది. ఆనాటి నుంచి చివరి వరసలో గోడ పక్కన కూర్చుంటుంది, పెదవి కదపదు. హోటల్లో పనివాళ్లకు పెద్దగా చేస్తామంటే వద్దంది, తన చెయ్యి మంచిది కాదని. చర్చి విందుకి మొక్కజొన్న రొట్టె చేసి తెస్తుంది కానీ మొదటి ముక్క తను కొయ్యదు. కూతురికి పిల్లలు పుడితే, మనవరాలికి పిల్ల పుడితే, నెల తిరిగేదాకా ఎత్తుకోదు. "ముందు చెయ్యి మంచివాళ్లు ఎత్తుకోండమ్మా," అంటుంది. నలభై ఏళ్లుగా ఇదే వరస. వెస్ట్‌సైడ్‌లో ఆమె అలా ఉండడం జనానికి అలవాటైపోయింది. డీకన్ల బల్లమీద కూర్చునే లూషియస్‌కి ఒక్కడికే అలవాటు కాలేదు.

*

పురుగు సంగతి డాక్టరుకి ఫోనులో చెప్పగానే మధ్యాహ్నం రోగులను వదిలేసి వచ్చాడు.

"నిజం పురుగా? తియ్యకు, తియ్యకు! ఉండనీ అలాగే. నా దగ్గర ముప్పై ఒకటి ఉన్నాయి, ఒక్కదాంట్లో లేదు. అబ్బ, ఎంత చక్కగా చేశాడు చూడు వెధవ! ఎవడై ఉంటాడంటావ్?"

"నేనే."

డాక్టరు అతని మొహంలోకి చూసి, ఇది హాస్యం కాదని తెలిసి, ఇంకా గట్టిగా నవ్వాడు. "నువ్వా! ఇంతకంటే ఏం కావాలి లూషియస్! ఒక కాగితం రాసి సంతకం పెట్టు, యంత్రం పక్కన ఫ్రేము కట్టిస్తాను. వచ్చే నెల మా ఇంట్లో విందుంది, నువ్వూ రా. నువ్వే చెప్పాలి ఈ కథ. చచ్చిపోతారు నవ్వి."

"దీన్ని ఆడినవాళ్లున్నారు డాక్టరుగారూ."

"ఉంటారు మరి. అందుకే బాగుంటుంది."

లూషియస్ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. పదకొండేళ్లు చేసిన పనికి తన సంతకం అడిగింది ఇన్నాళ్లకు ఇతనొక్కడే. అడిగింది దీనికి.

"సంతకం పెట్టనండి. ఈ కథ ముందు వినాల్సినవాళ్లు వేరే ఉన్నారు. వాళ్లు విన్నాక నవ్వుతారో లేదో చూసి, అప్పుడు మీకు చెప్తాను."

డాక్టరుకి కోపం రాలేదు, అర్థమూ కాలేదు. "నీ ఇష్టం. పురుగు మాత్రం పారెయ్యకు," అని వెళ్లిపోయాడు.

భార్య ఒడెస్సా ఆకుకూర, పంది ఎముక వేసి ఉడికించి, పళ్లెంలో పెట్టి పిలిచింది. రెండోసారి పిలిచింది. మూడోసారి గరాజులోకే వచ్చింది.

"ఏమయ్యా ప్రూయిట్, ఆ నెమలితో కాపురం పెట్టావా? కూర చల్లారిపోతోంది."

అతను చెప్పాడు. మొదట్నుంచీ చెప్పాడు. ఒడెస్సా వినేటప్పుడు మధ్యలో మాట్లాడకపోవడం వాళ్ల నలభైనాలుగేళ్ల కాపురంలో అదే మొదలు. ఆఖర్న గడప మీద కూలబడింది.

"నా పక్కనే కూర్చుని రొట్టె మొదటి ముక్క కొయ్యవమ్మా అని ఆమెను ఎన్నిసార్లు బతిమాలాను! నువ్వు పక్కనే నములుతూ కూర్చున్నావు."

"క్రెయిన్ ఉన్నాడని భయపడ్డాను."

"క్రెయిన్ చచ్చి ఇరవై ఏళ్లు. ఆ తర్వాత ఎవరున్నారు?"

లూషియస్ చేతిలోని గుడ్డను మడతలు పెట్టాడు.

"డీకన్ ప్రూయిట్ ఉన్నాడు. అవునా? వాడి కోటు నలుగుతుందని." లేచి, దుమ్ము దులుపుకుంది. "శనివారం ఆమె మనవరాలికి ఆడపిల్ల పుట్టింది. ఆమె గుమ్మంలోంచే చూసి వచ్చిందట. వెళ్లు. ఎండ తగ్గేదాకా ఆగకు. ఆగితే నువ్వు వెళ్లవని నాకు తెలుసు."

వెర్లీన్ ఇల్లు రెండు సందుల అవతల. ఆమె వాకిట్లో కుర్చీ వేసుకుని చిక్కుళ్లు ఒలుస్తోంది. డెబ్భైమూడేళ్లు. వేళ్లు వంకర్లు పోయాయి, పని ఆపలేదు.

"రా లూషియస్. ఏంటి, ఎవరైనా పోయారా? ఆ మొహం ఏంటి?"

అతను టోపీ తీసి, నిలబడే చెప్పాడు. దారిపొడుగునా కూర్చుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. ఇత్తడిముక్క ఆమె ఒడిలోని పళ్లెం అంచున పెట్టాడు. "రూబీ రూమ్‌లో నెమలి. మూడోదానికి అడ్డం పడింది ఇదండీ. దేవుడి వేలు కాదు. నేను కోశాను, నేను పెట్టాను. మీరు ఆడుతుంటే చూశాను. మిమ్మల్ని కూర్చోబెట్టినరోజు చెయ్యి ఎత్తాను."

ఆమె ఆ ముక్కను తీసుకుని, కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది. తరువాత చిక్కుళ్ల తొక్కల్లో కాదు, గింజల్లో కాదు, విడిగా తన కుర్చీ చేతిమీద పెట్టింది.

"నువ్వు నన్ను పక్కది ఆడమన్నావు."

"అన్నానండి."

"ఎందుకన్నావో చెప్పలేదు."

"చెప్పలేదండి."

"పక్కది ఆడమనేంత దయ ఉంది, నోరు తెరిచేంత లేదు." వీధిలో ఐస్‌క్రీమ్ బండి గంట మోగించుకుంటూ పోయింది. "లూషియస్, అమ్మ నావల్లే పోయిందనుకున్నాను. నలభై ఏళ్లు మోకాళ్ల మీద కూర్చుని అడిగాను, ఆ వేలు తియ్యమని. ఎవర్ని అడిగానో చూడు. నిన్నడగాల్సింది." గొంతు ఒక్కసారి పైకి లేచింది, ఆ పాత గొంతు. "పసిదాన్ని నేనింకా ఎత్తుకోలేదు! నాలుగు రోజులైంది!"

"నన్ను క్షమించమని అడగడానికి రాలేదండి. అడిగే మొహం లేదు."

"మంచిది. అడిగితే ఈ పళ్లెం నీ నెత్తిన ఉండేది." చిక్కుడుకాయ ఒకటి తీసి, ఒలవకుండానే మళ్లీ పడేసింది. "నేను నా తప్పు ఎక్కడ చెప్పుకున్నాను?"

"చర్చిలో."

"నిలబడా, కూర్చునా?"

"నిలబడి."

"అయితే నా వాకిట్లో చెప్తే సరిపోతుందా? తప్పు కాని తప్పు నేను అందరి ఎదుటా చెప్పుకున్నాను. నీది అసలు తప్పు. ఆదివారం. సాక్ష్యాలు చెప్పే వేళకి. నేను వెనక వరసలో ఉంటాను. నాకు వినబడేలా చెప్పు, చెవి కొంచెం మందగించింది."

*

ఆదివారం సాక్ష్యాలప్పుడు లూషియస్ లేచాడు. డీకన్లు వేసుకునే నల్లకోటు వేసుకోలేదు. సగం మంది ఆనాటికి పుట్టనివాళ్లు. పాస్టరు కూడా కుర్రవాడే, మోకాళ్ల నొప్పి తగ్గినందుకు స్తోత్రం చెప్తాడేమో అనుకుని చిరునవ్వుతో చూశాడు. లూషియస్ పురుగు అంటే ఏమిటో చెప్పాడు. ఎవరు చెయ్యమన్నారో చెప్పాడు, ఎందుకు చేశాడో చెప్పాడు. ఇత్తడితో చెయ్యాలన్న ఊహ తనదేనని కూడా చెప్పాడు. పక్కనున్న ముసలి డీకన్ అతని చొక్కా అంచు లాగి, "చాల్లే బ్రదర్ ప్రూయిట్, పాతది తవ్వకు," అని గొణిగాడు.

"తవ్వనీ," అంది వెనకనుంచి ఒక గొంతు.

అందరూ తిరిగారు. వెర్లీన్ లేచి నిలబడి ఉంది. నలభై ఏళ్లలో పాటప్పుడు గానీ ప్రార్థనప్పుడు గానీ ఆమె లేవగా చూసినవాళ్లు లేరు.

"ఏ చేత్తో పెట్టావు లూషియస్?"

"కుడిచేత్తోనండి."

"నన్ను కూర్చోబెట్టేటప్పుడు ఏ చెయ్యి ఎత్తావు?"

"ఇదేనండి."

"అందరూ చూసేలా ఎత్తు."

ఎత్తాడు. డెబ్భైకి దగ్గరపడ్డ చెయ్యి, కిరసనాయిలుకి తొక్కలూడిన చెయ్యి. ఎంతసేపు ఎత్తి ఉంచాలో అతనికి తెలియలేదు, ఆమె చెప్పలేదు. ఆమె చాలాసేపు చూసి, చేతిసంచీ తీసుకుని, ఆరాధన మధ్యలోనే తలుపు తీసుకుని వెళ్లిపోయింది. క్షమించానని అనలేదు. ఆ తరువాత కూడా, బతికినన్నాళ్లూ, అనలేదు. ఆ మధ్యాహ్నం మనవరాలి ఇంట్లో పసిదాన్ని ఎవర్నీ అడక్కుండానే తొట్లోంచి ఎత్తుకుని, కిటికీ దగ్గరికి తీసుకుపోయి, గంటన్నర ఎవరికీ ఇవ్వలేదని ఒడెస్సా చెప్పింది.

పాటల గుంపులోకి మళ్లీ రమ్మన్నారు. గొంతు పోయిందని చెప్పింది. అది నిజం. నలభై ఏళ్లు మూసిపెట్టిన గొంతు ఎవరు క్షమాపణ చెప్పినా తెరుచుకోదు. లూషియస్ డీకన్ల బల్ల వదిలేశాడు. నెమలికి పురుగు లేకుండా చక్రాలు బిగించి డాక్టరుకి ఇచ్చేశాడు, కాగితం మీద సంతకం మాత్రం పెట్టలేదు. 'చెప్పడానికి నలభై ఒక్క ఏళ్లు పట్టింది. పట్టకుండా ఉండాల్సింది,' అని ఎవరడిగినా అనేవాడు. అంతకు మించి తనను తాను ఏమీ వెనకేసుకొచ్చేవాడు కాదు.

ఇప్పుడు మీ వంతు. మీ ఇంట్లో గానీ తెలిసినవాళ్ల ఇంట్లో గానీ అలాంటి పాత యంత్రం అలంకారానికి ఉంటే, వెనక తలుపు తీయించి చూడండి. గాడిలో ముక్క దొరికితే చుట్టాలకు చూపించి నవ్వుకోకండి. అది ఏ వీధిలో ఉండేదో, ఎవరు ఆడేవాళ్లో కనుక్కోండి, బతికున్నవాళ్లకు చెప్పండి. యంత్రం లేని ఇళ్లలో ఫోను ఉంది. దాంట్లో పేకాట ఉంది, తిరిగే చక్రాలున్నాయి. ఇంట్లో ఎవరైనా 'నా చెయ్యి మంచిది కాదు, నా రాత ఇంతే' అంటే వాళ్లను కూర్చోబెట్టకండి. ఆ ఆట పొట్ట విప్పి చూసింది ఎవరని అడగండి, మీ ఎమ్మెల్యేని అడగండి, రాసి అడగండి. ఇది చదివే మీలో కొందరి ఉద్యోగమే అలాంటి ఆటలకు లోపలి లెక్కలు, ప్రోగ్రాములు రాయడం. మీరు రాసినదాంట్లో ఎక్కడో ఒక గాడి మూసి ఉందని మీకు తెలిస్తే, పైవాడు చెయ్యమన్నాడు అని ఊరుకోకండి. ఆడేవాళ్లు బతికుండగానే, ఈ వారమే, నోరు విప్పండి.